కరెంటు లేకుండా కరెంటు పుట్టించే మిషను గారికి

ఫ్రీ ఎనర్జీ జనరేటర్ సామీ,

నమస్కారం. రేణిగుంట రోడ్డు పక్కన ఒక షెడ్డులో తమరి దర్శనం అయింది. కొండమీద దర్శనానికైనా టోకెన్ దొరుకుతుంది గానీ, తమరి కింద పరిచిన గోనెపట్ట ఎత్తి చూడడానికి మాత్రం ఎవరికీ అనుమతి లేదట. చక్రానికి పసుపు, కుంకుమ, ఇరుసు పక్కన నిమ్మకాయ, మీద బంతిపూల దండ, అలంకారం బాగానే ఉంది. మోటారు చక్రాన్ని తిప్పుతుంది, చక్రం కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ని తిప్పుతుంది, దాని కరెంటుతోనే మళ్లీ మోటారు తిరుగుతుంది, పైగా నాలుగు బల్బులు వెలిగేంత మిగులు. ఆ మిగులు యాడ్నుంచి వచ్చిందని అడిగితే "అదే కదప్పా టెక్నాలజీ!" అన్నాడు తమరి యజమాని.

తరువాత అసలు ఘట్టం. గోడకున్న ప్లగ్గు పీకేశాడు. బల్బులు ఆరలేదు! జనం ఈలలు, చప్పట్లు, వీడియో తీస్తున్న కుర్రోడు సరిగ్గా అక్కడే ఫోన్ దించాడు, ఆ వెంటనే "మోటారు వేడెక్కుతుంది" అంటూ ప్లగ్గు మళ్లీ పెట్టేశారు.

సామీ, తమరి చక్రం 50 కిలోలు, రెండడుగుల వెడల్పు, నిమిషానికి 1500 చుట్లు అనుకుందాం. ఆ తిరుగుడులో దాగి ఉండే శక్తి దాదాపు 28 వేల జౌళ్లు. వినడానికి భయమేస్తుంది గానీ కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే ఒక యూనిట్‌లో నూరో వంతు కూడా కాదు. ఒక్కోటి వంద వాట్ల నాలుగు బల్బులకు మహా అయితే ఓ నిమిషం పైచిలుకు వస్తుంది, బెల్టు రాపిడికి పోయేది తీసేసి, చక్రం నెమ్మదించేకొద్దీ పడిపోయే వోల్టేజీ కూడా లెక్కేస్తే అంతసేపు కూడా రాదు. ఆ శక్తి కూడా ప్లగ్గు పీకక ముందు గోడలోంచి తాగిందే. అంటే తమరి అద్భుతం ఆయుష్షు వీడియో ఆయుష్షంతే.

మీటరు చూపించారు కదా అంటారేమో. తీగను చుట్టి పట్టుకుని కరెంటు కొలిచే క్లాంప్ మీటరులో ఆంపియర్లు చూసి, వోల్టులతో గుణించి "ఇన్ని వాట్లు" అన్నారు. మోటారు లాంటి లోడుకు, ఆ గుణకారంలో నిజంగా పనిచేసేది ఎంత వంతో చెప్పే పవర్ ఫ్యాక్టర్‌తో కూడా గుణించాలి, లేకపోతే లేని వాట్లు కాగితం మీద పుట్టుకొస్తాయి. మోసం చేసే ఉద్దేశమే లేని వాళ్లు కూడా ఇక్కడ బోల్తా పడతారు, వాళ్లమీద నాకు జాలే. గోనెపట్ట వేసేవాళ్లమీద లేదు.

తమరి వంశం పాతదే. 1813లో న్యూయార్క్‌లో రెడ్‌హెఫర్ అనే ఆయన ఇలాంటి మిషనే టికెట్ పెట్టి చూపిస్తుంటే, ఆవిరి పడవల రాబర్ట్ ఫుల్టన్ వచ్చి, మిషను నడక ఒకే తీరుగా లేదేమిటని అనుమానపడి పక్కనున్న చెక్కలు పీకించాడు. సన్నటి పేగుతాడు గోడలోంచి పోతోంది, దాని అవతలి కొసన పై గదిలో ఒక ముసలాయన కూర్చుని హ్యాండిల్ తిప్పుతున్నాడు. (ఆ తాతకు కూలి సరిగ్గా ఇచ్చారో లేదో.) అంతకు ముందే, 1775లో, ఇలాంటి వాటిని ఇక పరిశీలించేది లేదని పారిస్ సైన్స్ అకాడమీ చేతులు దులిపేసుకుంది. మన 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎ) కూడా, రుజువైన ప్రకృతి నియమాలకు విరుద్ధంగా ఉన్నవి ఆవిష్కరణలే కావంటుంది.

భాస్కరాచార్యుడు పన్నెండో శతాబ్దంలోనే రాశాడు అని యజమాని గుండె తట్టుకున్నాడు. రాశాడు, నిజమే, పాదరసం పోసిన బోలు ఆకుల (చువ్వల) చక్రం తనంతట తానే తిరుగుతుందని. కానీ రాస్తే చక్రం తిరగదు. పాదరసం ఎటు జారినా చివరికి బరువు రెండు పక్కలా సరితూగి చక్రం ఆగిపోతుంది. అంత పెద్ద గణితవేత్తను తమరి గ్యారంటీ కార్డుగా వాడుకోవడం నాకు నచ్చలేదు.

ఇక కరెంటోళ్లు తమరిని తొక్కేస్తున్నారన్న మాట. కరెంటు పంపిణీ చేసే దక్షిణ డిస్కం హెడ్డాఫీసు తిరుపతిలోనే ఉంది కదా, తమరు నిజమైతే వాళ్లే ముందు క్యూలో నిలబడి కొంటారు. సప్లయికి డబ్బు పెట్టి కరెంటు కొనేది వాళ్లే. "నకిలీ అని నువ్వే నిరూపించు" అని నన్ను గద్దించడం కూడా బాలేదు. అమ్మేది మీరు, అడ్వాన్సు ఇచ్చేది మా మామ.

అవును, దామలచెరువులో మామిడితోట ఉన్న మా మేనమామ సగం డబ్బు సిద్ధం చేసుకున్నాడు. పగటి ఉచిత కరెంటు తొమ్మిది గంటలు చాలక, రాత్రిళ్లు కూడా తోట తడపాలని ఆయన ఆశ. నేను ఆపాను, ఆయన నాతో మాట్లాడడం మానేశాడు. అందుకే ఈ ఉత్తరం.

తమరు మా తోటలోని పంపుసెట్టు గదికి రండి. ఫ్యూజు పీకేస్తాం, తాళం మాది, కిటికీలోంచి చూసేది మేమందరం. ఆ నాలుగు బల్బులే లోడు. మూడు పగళ్లు, మూడు రాత్రులు. ఎందుకంటే 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బ్యాటరీ ఒకటి లోపల దాచుకున్నా నాలుగున్నర గంటలకు మించి రాదు, రెండు దాచుకున్నా తెల్లారదు. నాలుగో పొద్దున బల్బులు వెలుగుతూ ఉంటే మామ మొత్తం డబ్బు అక్కడికక్కడే లెక్కపెడతాడు, యజమానికి మూడు రోజులూ సంగటి, నాటుకోడి పులుసు మా ఖర్చే. గోనెపట్టలు తేవద్దు, తోటలో కావలసినన్ని ఉన్నాయి.

ఇట్లు,
దామలచెరువు మామ మేనల్లుడు, తిరుపతి