వైరస్ పోయింది, కణాలు ఇంకా కోలుకోలేదు

పచ్చకామెర్లు వస్తే పసరు మందు కోసం ఊళ్లు దాటి పరిగెడతాం. రక్తంలో వైరస్ ఉందని రిపోర్టు వస్తే మాత్రం మడిచి బీరువాలో పెట్టేస్తాం. మా పెదనాన్న అదే చేశాడు. రక్తదానం చేసినప్పుడు కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్ బయటపడింది. ఒంట్లో బాగానే ఉందిగా అని నాలుగేళ్లు ఊరుకున్నాడు. చదువుకున్నవాళ్లం, మేమూ గట్టిగా చెప్పలేదు. ఆ బాధ నాకింకా పోలేదు.

"ఇమ్యూనిటీ పెంచే పొడి ఏదైనా తాగితే సరిపోతుంది" అని అప్పుడు చాలామంది అన్నారు. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. ఏళ్ల తరబడి తిష్ఠ వేసిన వైరస్‌తో రోజూ తలపడి తలపడి టి-కణాలు, అంటే వైరస్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు, అలసిపోతాయి. చచ్చిపోవు, ఉంటాయి, కానీ పని తగ్గిపోతుంది. వాటిని ఏ పొడీ లేపలేదు.

ఎందుకంటే ఆ అలసట కణం లోపల ముద్ర పడిపోతుంది. ఒక్కో కణంలో దాదాపు 2 మీటర్ల డీఎన్ఏ దారం ప్రోటీన్ ఉండలకు చుట్టుకుని ఉంటుంది. చుట్ట వదులైన చోట జన్యువును కణం చదవగలదు, బిగుసుకున్న చోట చదవలేదు. అలసిన కణంలో వైరస్‌ మీద పోరాడే జన్యువులు కొన్ని బిగుసుకుంటాయి. బ్రేకులాంటి పీడీ-1 జన్యువు తెరుచుకునే ఉంటుంది. జన్యువు అదే, అక్షరం మారదు. మారేది ఎక్కడ వదులుగా ఉండాలో, ఎక్కడ బిగుసుకోవాలో చెప్పే, దాని మీది గుర్తులు. ఎపిజెనెటిక్స్ అంటే ఇదే.

ఇది శరీరం చేసిన తప్పు అనుకోకండి. టాక్స్ అనే ప్రోటీన్ ఈ అలసటను నడిపిస్తుందని 2019లో తేలింది. ఎలుకల్లో దాన్ని తీసేస్తే కణాలు అలసిపోలేదు గానీ, ఎక్కువ కాలం నిలవలేదు. బతకడానికే అవి నెమ్మదించాయన్నమాట.

2006లో రోగనిరోధక శాస్త్రవేత్త రఫీ అహ్మద్ బృందం ఎలుకల్లో పీడీ-1ను అడ్డుకుని అలసిన కణాలను మళ్లీ పనిలోకి దింపింది. ఆయన మన హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివారు. కానీ ఆ గుర్తులు పెద్దగా చెరగలేదని, వైరస్ ఉంటే కణాలు మళ్లీ అలసిపోతాయని 2016లో అర్థమైంది. 2021లో మందులతో హెపటైటిస్ సి నయమైనవారి టి-కణాలను చూస్తే, వాటిలోనూ పాత మచ్చలు చాలావరకు అలాగే ఉన్నాయి.

ఆలస్యం ఎంత ఖరీదైనదో ఎలుకలే చూపించాయి. వైరస్ సోకిన మొదటి వారంలోనే వైరస్ లేని ఎలుక ఒంట్లోకి మార్చిన కణాలు కోలుకున్నాయి. కొన్ని వారాలు ఆగి మార్చినవి కోలుకోలేదు. మనుషుల్లో లెక్క ఇంత సూటిగా ఉండదు, అయినా నాకు ఆ నాలుగేళ్లే గుర్తొస్తాయి.

పెదనాన్నకు 12 వారాల మాత్రలతో వైరస్ పోయింది. హెపటైటిస్ సికి టీకా లేదు, నయమైనా మళ్లీ సోకవచ్చు. అందుకే ఇంట్లో అందరం పరీక్ష చేయించుకున్నాం, ఒక్క అన్నయ్య తప్ప. అన్నయ్యా, ఇది చదువుతున్నావని తెలుసు. సోమవారం పొద్దున నేనే బండి తీసుకుని వస్తాను, రెడీగా ఉండు.