బఠానీ గింజల దగ్గరే ఆగిపోతున్న పాఠం

వంశపారంపర్యం పాఠం అయ్యాక తరగతిలో ఎవరో ఒకరు చెయ్యెత్తి అడిగే ప్రశ్న ఒకటుంది. "టీచర్, మా నాన్నకి షుగర్. తాతయ్యకీ షుగరే ఉండేది. నాకూ వస్తుందా?" ఆ పిల్లవాడికి అప్పుడు మార్కులతో పని లేదు. తన సంగతేమిటో తెలుసుకోవాలని ఉంది. అప్పటిదాకా విన్న పాఠంలో అతనికి జవాబు దొరకదు. అందులో ఉన్నవి 1866లో మెండెల్ అచ్చువేసిన బఠానీ లెక్కలు: పసుపు, ఆకుపచ్చ, నున్నవి, ముడతలవి, మూడుకు ఒకటి. ఆ లెక్కలో తప్పేమీ లేదు. కానీ ఒక జన్యువు, ఒక లక్షణం, మధ్యలో ఇంకేమీ లేదన్నట్టు చెప్పి వదిలేస్తే పిల్లలు దాన్నే తమకూ తమ ఇంటికీ అన్వయించుకుంటారు. నాన్నకు వచ్చింది కాబట్టి నాకూ రాక తప్పదని టెన్షన్ పెట్టుకుంటారు. తలరాత అనే పాత మాటకు జన్యువు అనే కొత్త పేరు పెట్టి ఇంటికి పంపినట్టవుతుంది.

అందుకే ఎపిజెనెటిక్స్, అంటే డీఎన్ఏ అక్షరాలు మారకుండానే ఏ జన్యువు పనిచేయాలో ఏది ఆగాలో ఎలా తేలుతుందో చెప్పే శాస్త్రం, హైస్కూల్లోనే మొదలవ్వాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. అయితే అది ముందుగా కణం ఎలా పనిచేస్తుందో చెప్పే పాఠంగా రావాలి. ఆరోగ్యం సంగతులు ఆ తర్వాత రావాలి. ఈ వరుస తారుమారైతే మేలు కంటే కీడే ఎక్కువ జరుగుతుంది.

ముందు ఆ బఠానీల సంగతే చూద్దాం. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న వాల్టర్ వెల్డన్ 1902లో బఠానీ గింజలను వరసగా పేర్చి ఫొటో అచ్చువేశాడు. చిక్కటి ఆకుపచ్చ నుంచి పసుపు దాకా మధ్యలో ఎన్నో ఛాయలు కనిపిస్తాయి. ఏ గింజ దగ్గర ఆకుపచ్చ అయిపోయి పసుపు మొదలైందో వేలు పెట్టి చూపించడం కష్టం. జన్యుపరంగా ఏం వచ్చిందన్నదే కాకుండా, అది ఏ పరిస్థితుల్లో పెరిగిందన్నది కూడా లక్షణాన్ని తీర్చిదిద్దుతుందని ఆయన వాదన. ఆ వాదనను పుస్తకంగా పూర్తిచేయకుండానే 1906లో చనిపోయాడు. శతాబ్దం దాటాక లీడ్స్ విశ్వవిద్యాలయంలో గ్రెగరీ రాడిక్, ఆనీ జేమిసన్ ఒక ప్రయత్నం చేశారు. మెండెల్ బఠానీలతో మొదలుపెట్టకుండా, జన్యువులూ పరిసరాలూ కలిసి ఎలా పనిచేస్తాయన్న దగ్గర మొదలయ్యే కోర్సు ఒకటి తయారుచేసి విద్యార్థులకు చెప్పారు. కోర్సు ముగిసేసరికి "అంతా జన్యువుల్లోనే ఉంది" అన్న నమ్మకం వాళ్లలో తగ్గింది. మామూలు పద్ధతిలో చదువుకున్నవాళ్లలో అలాంటి మార్పు రాలేదు. జన్యుశాస్త్రం చదివితే ఆ నమ్మకం దానంతటదే సడలుతుందనుకుంటాం. కానీ అది పాఠాన్ని ఎక్కడ మొదలుపెట్టామన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఎపిజెనెటిక్స్ అన్న పేరు భయపెడుతుంది గానీ విషయం పద్నాలుగేళ్ల పిల్లలకు అందేదే. చర్మంలోని కణానికీ కాలేయంలోని కణానికీ డీఎన్ఏ ఒకటే. అయినా చర్మం కాలేయం పని చేయదు. ప్రోటీన్లు తయారుచేయించే జన్యువులు మనకు సుమారు 20,000 ఉన్నాయి. వాటిలో ఏవి చదవాలో, ఏవి మూసిపెట్టాలో చెప్పే గుర్తులు ప్రతి కణంలోనూ ఉంటాయి. ఒక్కో కణంలో 2 మీటర్ల దాకా ఉండే డీఎన్ఏ దారం హిస్టోన్లనే ప్రోటీన్ ఉండలకు చుట్టుకుని ఉంటుంది. చుట్టు బిగిసి ఉన్నచోట జన్యువును చదవడం కష్టం. వదులైన చోట కుదురుతుంది. డీఎన్ఏలోని సైటోసిన్ అనే అక్షరానికి మిథైల్ అనే చిన్న రసాయన తోక అతుక్కుంటే చాలాసార్లు ఆ జన్యువు మూగబోతుంది. అక్షరాలు అవే ఉంటాయి, చదువు మారుతుంది. దీన్ని తరగతిలో చూపించడానికి ఖర్చేమీ లేదు. ఒకే కథ అచ్చువేసిన కాగితాలు రెండు తీసుకుని, వాటి మీద వేర్వేరు వాక్యాలకు కాగితపు ముక్కలు అతికించి, ఇద్దరు పిల్లల చేత పైకి చదివిస్తే చాలు. రెండు కథలు వినిపిస్తాయి. అతికించిన ముక్కను ఊడదీస్తే కింద వాక్యం చెక్కుచెదరకుండా ఉంటుంది.

1942లో బ్రిటన్ జీవశాస్త్రవేత్త కాన్రాడ్ వాడింగ్టన్ ఎపిజెనెటిక్స్ అన్న మాటను పుట్టించేటప్పటికి డీఎన్ఏ ఆకారమే ఎవరికీ తెలియదు. ఒకే ఒక్క కణం నుంచి ఇన్ని రకాల కణాలు ఎలా వస్తున్నాయన్నదే ఆయన్ను పట్టుకున్న ప్రశ్న. పిల్లలకూ అక్కణ్నుంచే చెప్పడం మంచిది.

ఆ తర్వాత మూడు రంగుల పిల్లిని చూపించాలి. తెలుపుతో పాటు నలుపు, నారింజ మచ్చలున్న పిల్లులు దాదాపు అన్నీ ఆడవే. నారింజ రంగు వస్తుందా రాదా అని తేల్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడపిల్లికి ఎక్స్‌లు రెండు. పిండంగా ఉన్నప్పుడే ఒక్కో కణం వాటిలో ఒకదాన్ని మూసేస్తుంది. ఏ కణం దేన్ని మూస్తుందన్నది యాదృచ్ఛికం. అందుకే ఒకచోట నారింజ, ఇంకోచోట నలుపు. ఆడజీవుల్లో ఇలా జరుగుతోందని 1961లో బ్రిటన్ జన్యుశాస్త్రవేత్త మేరీ లయన్ గుర్తించింది. 2001 డిసెంబరులో టెక్సస్‌లో ఇలాంటి మూడు రంగుల పిల్లి కణం నుంచే, అదే డీఎన్ఏ ఉన్న పిల్లను క్లోనింగ్‌తో పుట్టించారు. కణం ఇచ్చిన పిల్లికి రెయిన్‌బో అని పేరు. పుట్టిన పిల్లకు సీసీ అని పెట్టారు. సీసీ ఒంటి మీద నారింజ మచ్చ ఒక్కటీ లేదు. క్లోనింగ్‌కు తీసుకున్న కణంలో నారింజ ఎక్స్ అప్పటికే మూసుకుని ఉంది, ఆ మూత పిల్లలోనూ అలాగే ఉండిపోయింది. ఈ రెండు పిల్లుల ఫొటోలూ పక్కపక్కన పెడితే పేజీల కొద్దీ నిర్వచనాలు చెప్పలేనిది పిల్లలకు ఒక్క చూపులో అర్థమవుతుంది.

ఇంత చెప్పాక ఆరోగ్యం దగ్గరికి రావచ్చు. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం దిగ్బంధంతో నెదర్లాండ్స్ పశ్చిమ ప్రాంతం ఆకలితో అల్లాడింది. మనిషికి రోజుకు 1,000 కేలరీలు కూడా దక్కలేదు. ఆ నెలల్లో కడుపున పడ్డవాళ్ల రక్తాన్ని ఆరు దశాబ్దాల తర్వాత పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రకటించారు. వాళ్ల సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో పోల్చితే ఐజీఎఫ్2 అనే, ఎదుగుదలతో ముడిపడిన జన్యువు దగ్గర మిథైల్ గుర్తులు సుమారు 5 శాతం తక్కువగా ఉన్నాయి. గర్భం చివరి నెలల్లో కరువు చూసినవాళ్లలో ఆ తేడా లేదు. పిల్లలకు ఈ 5 శాతాన్ని దాచకుండా చెప్పాలి. తేడా చిన్నది. కొలిచింది రక్తంలో. అన్నేళ్లు ఆ గుర్తు నిలిచి ఉండటం ఆశ్చర్యకరమే. కానీ ఆ గుర్తు వల్లే ఫలానా జబ్బు వచ్చిందని ఈ ఒక్క పరిశోధనతో తేల్చలేం. పొగతాగేవాళ్ల రక్తంలో ఏహెచ్ఆర్ఆర్ అనే జన్యువు దగ్గర మిథైల్ గుర్తులు తగ్గుతాయి, మానేసి ఏళ్లు గడిచేకొద్దీ తిరిగి పెరుగుతాయి. గుర్తులు పడటమే కాకుండా వెనక్కి కూడా మళ్లుతాయని చూపించడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనపడలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇక్కణ్నుంచే మొదలవుతుంది. "అమ్మ గర్భంతో ఉన్నప్పుడు ఏం తిన్నది, ఎంత ఆందోళన పడింది అన్నదాన్ని బట్టే నీ జీవితం" అని పాఠం చెప్పామనుకోండి. తరగతిలో కూర్చున్న ఆస్తమా పిల్లకో, ఊబకాయం ఉన్న కుర్రాడికో అది ఎలా వినపడుతుంది? తప్పంతా అమ్మదే అని వినపడుతుంది. తల్లుల మీద ఇలా నింద వేయడం మానుకోవాలని 2014లోనే నేచర్ పత్రికలో కొందరు పరిశోధకులు కలిసి రాశారు. ఆ హెచ్చరిక టీచర్ల శిక్షణలో ఉండాలి. తండ్రి సంగతి, ఇంటి ఆదాయం, గాలి, నీరు, పని ఒత్తిడి ఇవన్నీ వదిలేసి తల్లి పళ్లెం ఒక్కదాన్నే చూపించే పాఠాన్ని సైన్స్ అనలేం.

"తాతల నాటి బాధలు మన జన్యువుల్లో ఉన్నాయి" అన్న మాట కూడా ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తోంది. దీన్ని పరీక్షించడం పిల్లల చేతనే చేయించవచ్చు. బోర్డు మీద ఒక గర్భిణిని గీయండి. ఆమె కడుపులో ఆడశిశువు. ఆ శిశువులో అప్పటికే ఏర్పడుతున్న అండాలు. ఆమె కరువు బారిన పడితే ఆ దెబ్బ ఒకేసారి మూడు తరాలకు తగిలినట్టే. కాబట్టి మనవల్లో ఏదైనా తేడా కనపడినంత మాత్రాన అది వారసత్వంగా వచ్చిందని చెప్పలేం, మునిమనవల దాకా చూడాలి. పైగా బీజకణాలు ఏర్పడేటప్పుడు ఒకసారి, ఫలదీకరణ తర్వాత మరోసారి ఈ గుర్తుల్లో చాలా భాగం చెరిగిపోతుంది. మొక్కల్లో, కొన్ని పురుగుల్లో ఇవి తరాలు దాటిన దాఖలాలు గట్టిగానే ఉన్నాయి. మనుషుల్లో అంత బలమైన రుజువు లేదు. ఒక పెద్ద మాట వినగానే "దీనికి రుజువు ఎలా ఉండాలి?" అని అడిగే అలవాటు ఈ ఒక్క బొమ్మతో మొదలవుతుంది.

ఇదంతా నేర్పితే పిల్లలు ఆరోగ్యంగా బతుకుతారా? ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో లైఫ్‌ల్యాబ్ అనే కార్యక్రమం ఉంది. స్కూలు పిల్లల్ని ఆసుపత్రిలోని ల్యాబ్‌కు తీసుకెళ్లి, ఈ సైన్స్‌ను వాళ్ల చేతులతోనే చేయించి చూపిస్తారు. ఏడాది తర్వాత చూస్తే పిల్లల అవగాహన పెరిగింది, తమ అలవాట్లను తామే కాస్త కఠినంగా చూసుకోవడం మొదలుపెట్టారు. కానీ అలవాట్లు మాత్రం చెప్పుకోదగ్గంత మారలేదు. ఈ ఫలితం చూసి ఆ పాఠం దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. లెక్కలు నేర్పేది పిల్లలు పొదుపు చేస్తారనే హామీతో కాదు కదా. అలవాటు మారాలంటే చుట్టూ దొరికే తిండి, ఆడుకోవడానికి చోటు, ఇంట్లో పెద్దల తీరిక కూడా మారాలి. ఆ భారమంతా పాఠం మీద వేసి, ఫలితం రాలేదని పాఠాన్నే తీసేయడం అన్యాయం.

మళ్లీ ఆ పిల్లవాడి ప్రశ్న దగ్గరికి వద్దాం. నాన్నకీ తాతకీ ఉన్నది టైప్ 2 షుగర్ అయితే, నీకు వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువేనని నిజం చెప్పాలి. వెంటనే రెండో మాటా చెప్పాలి. అమెరికాలో షుగర్ అంచున ఉన్న మూడు వేల మందికి పైగా పాల్గొన్న పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. బరువు కొంత తగ్గించుకుని, వారానికి 150 నిమిషాలు నడకలాంటి వ్యాయామం చేసే కార్యక్రమంలో ఉన్నవాళ్లలో జబ్బు రావడం, మందు పేరుతో ఉత్తి మాత్రలు వాడినవాళ్లతో పోలిస్తే 58 శాతం తగ్గింది. నాలుగేళ్ల తర్వాత అదే మనుషుల్లో టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువును చూశారు. షుగర్ ముప్పును పెంచే రూపం ఉన్నవాళ్లకు కూడా ఆ కార్యక్రమం పనిచేసింది. "అంటే మిథైల్ గుర్తులు మారడం వల్లేనా టీచర్?" అని అతను అడిగితే, ఆ పరిశోధనలో చూసింది షుగర్ వచ్చిందా లేదా అన్నదేనని, గుర్తుల లెక్క వేరే తీయాలని చెప్పి, అది ఎలా తీయొచ్చో తరగతినే అడగవచ్చు.