మలై కాజాల లెక్కలో మా అత్త

పోకర్ టోర్నమెంట్ చివరికొచ్చేసరికి మన ముక్కల కన్నా ఎదుటివాడి తత్వం చూసి ఆడాలని పెద్దలు చెప్పారు. పెద్దలంటే యూట్యూబులో నల్ల కళ్లజోడు పెట్టుకుని ఉంటారే, వాళ్లు. ఆరు నెలలు వాళ్లకి శిష్యరికం చేసి ఆ విద్యని మొన్న కావలిలో, మా చెల్లెలి పెళ్లికి ముందురోజు రాత్రి మేడమీద ప్రయోగించాను.

2020లో మన ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లను నిషేధించింది, 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ తాళం వేసింది. మేం చట్టాన్ని గౌరవించే కుటుంబం, అందుకని చింతగింజలతో ఆడాం. ఎనిమిది మందిమి, మనిషికి పాతిక గింజలు. బహుమతి నెల్లూరు మలై కాజాలు ఇరవై: మొదటివాళ్లకి పది, తర్వాత ఆరు, ఆ తర్వాత నాలుగు. నాలుగో స్థానానికి మంచినీళ్లు.

గంటన్నరకి నలుగురం మిగిలాం, అందరి ముందూ సరిగ్గా యాభై గింజలు. మా బాబాయికి రొయ్యల చెరువులున్నాయి, రొయ్యల్ని చంపే వైట్‌స్పాట్ రోగం భయంతో ఏళ్లతరబడి సగం నిద్రే పోయిన మనిషిని నువ్వు పదిహేను గింజలు ముందుకు తోసి బెదిరిస్తావా? ఆయన మీద బ్లఫ్, అంటే ముక్కల్లేకుండా బెదిరించడం, దండగ. బావమరిది బ్యాంకులో లోన్ సెక్షను, చేతిలో రాజుల జత పడినా ష్యూరిటీ ఎవరని చూసే రకం, వాడి బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే వంతు ప్రకారం పెట్టాల్సిన గింజలు, రౌండుకోసారి ఊరికే లాక్కోవచ్చు. ఇక సింగరాయకొండ అత్త. సాయంత్రమే ఆట నేర్చుకుంది, వచ్చిన ముక్కలు దాదాపు అన్నీ పారేస్తూ ఇంతదాకా వచ్చింది. శిక్షణ పొందిన కంటికి ఇంతకన్నా మెత్తటి శత్రువు కనబడదు.

చిన్న బ్లైండు మూడు, పెద్దది ఆరు. యాభై గింజలంటే ఎనిమిది పెద్ద బ్లైండ్లు, ఆ స్థితిలో తోస్తే మొత్తం తోయాలి, లేదా డ్రాప్ అవ్వాలి. బాబాయీ, బావమరిదీ డ్రాప్. నా చేతిలో ఆసు, రాజు. నా తర్వాత అత్త ఒక్కతే.

ఇక్కడే ఐసీఎం అనే లెక్క వస్తుంది, ముందున్న గింజలకి బహుమతిలో ఎంత వాటా వస్తుందో చెప్పేది. సమానంగా ఉన్న నలుగురిలో ఒక్కొక్కరి వాటా ఐదు కాజాలు. అత్త నాతో తలపడి గెలిస్తే గింజలు రెట్టింపవుతాయి గానీ వాటా పది కాజాలవదు, ఏడు కాజాలూ ఇంకో కాజాలో మూడింట రెండొంతులూ, అంతే. ఓడితే ఐదూ పోతాయి. అంటే, ముందే పెట్టిన బ్లైండ్లు పక్కన పెడితే, నూటికి అరవై అయిదుసార్లు గెలిచే ముక్కలుంటే తప్ప తెలివైన మనిషి చెయ్యి పెట్టకూడదు. నిండు ధైర్యంతో యాభై గింజలూ తోశాను.

అత్త కూడా తోసేసింది. తిప్పి చూస్తే ఎనిమిది, మూడు.

"అదేందత్తా, ఆ ముక్కలతోనా?"

"రెండూ ఎర్రవే గదబ్బయా. పెళ్లింట్లో ఎరుపుని పారేస్తారా?"

లెక్క ప్రకారం ఇలాంటప్పుడు మూడింట రెండుసార్లు గెలుపు నాదే. ఆ మూడోసారి, చాపమీద అందరికీ ఉమ్మడిగా పరిచే ముక్కల్లో ఎనిమిది పడి అత్తకి జత కుదిరింది. నేను మంచినీళ్ల దగ్గరికెళ్లాను.

ఉండబట్టలేక తర్వాత అడిగాను, ఓడితే కాజాలన్నీ పోయేవి గదా, భయం వెయ్యలేదా అని. "నాకు షుగర్ గదరా నాయనా. ఆ కాజా వాసన కూడా చూడొద్దన్నాడు డాక్టరు."

లెక్క కట్టినవాడు ఆడేవాళ్లందరికీ కాజాలు కావాలనే అనుకున్నాడు, వాడి తప్పూ లేదు, వాడికి సింగరాయకొండలో చుట్టాలుండరు. పదకొండింటికల్లా అత్త అందర్నీ ఊడ్చేసి పది కాజాలూ పిల్లలకి పంచింది. నాకూ ఒకటి పెట్టింది. మూడింట రెండొంతులు కాదు, మొత్తం.