అప్పుడప్పుడూ కాల్చే మహానుభావుడికి ఏ సిగార్ ఇవ్వాలి?

పొగ తాగేవాళ్ళు, తాగనివాళ్ళు అని లోకంలో రెండే జాతులున్నాయని డాక్టర్ల నుంచి ఇన్సూరెన్స్ కంపెనీల దాకా అందరూ పొరబడుతుంటారు. మూడో జాతి ఒకటుంది. ఫారంలో 'మీకు పొగ తాగే అలవాటు ఉందా?' అన్న ప్రశ్న దగ్గర పెన్ను గాల్లో ఆపి, 'అవును' గడి వైపు ఒకసారి, 'కాదు' గడి వైపు ఒకసారి చూసి, చివరికి 'కాదు'లో టిక్కు పెట్టి, మనసులో మాత్రం 'ఎప్పుడైనా ఒకటి' అనే గడి విడిగా గీసుకునే మనిషి. ప్రమోషన్ పార్టీలోనో, తన టీమ్ ఫైనల్ గెలిచిన రాత్రో, పక్కవాడు చేతిలో పెడితే వద్దనడం బాగోదని కాలుస్తాడు. జేబులో లైటర్ ఉండదు. సొంత డబ్బుతో పొగాకు కొన్న పాపాన పోడు. ఇలాంటివాడి పుట్టినరోజు వస్తోందంటే అతనికేం టెన్షన్ ఉండదు గానీ స్నేహితులకి ఉంటుంది, ఎందుకంటే చొక్కాలు, పర్సులు, పెర్ఫ్యూములు అన్నీ గత సంవత్సరాల్లో ఇచ్చేసి ఉంటారు. అప్పుడు ఎవడో ఒకడు అంటాడు: "సిగార్లు ఇద్దాంరా, క్లాస్‌గా ఉంటుంది."

ఈ 'క్లాస్‌గా ఉంటుంది' అన్న మాట చేసినంత నష్టం కరువులు కూడా చేసి ఉండవని నా అభిప్రాయం. కాబట్టి విషయాన్ని దాని స్థాయికి తగ్గ గంభీరతతోనే చూద్దాం.

కానుక కొనేవాడికి సిగార్ గురించి తెలిసినవి మూడే ముక్కలు. పెద్దదైతే ఘనం. నల్లగా ఉంటే మంచి సరుకు. క్యూబాది అయితే ఇక మాట్లాడేదే లేదు. ఈ చదువంతా సినిమాల్లో విలన్ చెప్పించినది. ఆ విలన్ మెత్తటి కుర్చీలో వెనక్కి వాలి, రెండు దమ్ములు లాగి, హీరో మీదకి మనుషుల్ని పంపుతాడు, సీన్ కట్ అయిపోతుంది. మిగతా గంటంపావు ఆ సిగార్ ఏమైందో, అది ఎన్నిసార్లు ఆరిపోయిందో, విలన్‌కి కడుపులో ఎలా తిప్పిందో ఇంతవరకు ఏ డైరెక్టరూ చూపించలేదు.

ఆ గంటంపావు సంగతే ముందు తేల్చుకోవాలి. సిగార్ కొలత రెండు అంకెల్లో చెబుతారు, పొడవు అంగుళాల్లో, లావు రింగ్ గేజ్‌లో. ఒక గేజ్ అంటే అంగుళంలో 64వ వంతు. రోబస్టో అనే రకం దాదాపు 5 అంగుళాలు, 50 గేజ్, అంటే ముప్పావు అంగుళం దాటిన లావు. చర్చిల్ అనే రకం 7 అంగుళాలు, 47 గేజ్. షాపులో మనవాడి చెయ్యి నేరుగా దాని మీదకే పోతుంది, ఎందుకంటే పక్కన పెట్టి చూస్తే మిగతావి బిచ్చగాళ్ళలా కనిపిస్తాయి. పైగా పేరు బ్రిటన్ ప్రధాని చర్చిల్‌ది. ఆయన జీవితాంతం సిగార్ వదలకుండా 90 ఏళ్ళు బతికాడన్న చరిత్ర ప్రతి పొగరాయుడికీ కంఠతా వచ్చు. అదే నోటితో మనోవిశ్లేషణ పితామహుడు ఫ్రాయిడ్ గారి గురించి అడగండి, 1923లో నోటి కేన్సర్ బయటపడటం, ఆ తర్వాత ముప్పైకి పైగా ఆపరేషన్లు, అయినా సిగార్ మానకపోవడం, ఇవేవీ సిలబస్‌లో లేవంటారు.

సరే, చర్చిల్ కొన్నారు. దాన్ని నిమిషానికి ఒక దమ్ము చొప్పున లాగాలి. అంతకంటే తొందరపడితే లోపల వేడెక్కి చేదు దిగుతుంది, కబుర్లలో పడి మర్చిపోతే ఆరిపోతుంది. ఎప్పుడో ఒకసారి పది నిమిషాల సరదా కోసం కాల్చే మనిషికి దాన్ని ఇవ్వడమంటే సెలవురోజు సాయంత్రం ఓవర్‌టైమ్ డ్యూటీ వేసినట్టే. సగంలో వదిలేద్దామా అంటే ఇచ్చినవాడు ఎదురుగా కూర్చుని "ఎలా ఉంది? ఎలా ఉంది?" అని అడుగుతుంటాడు.

ఇక నలుపు. పై ఆకు ముదురు రంగులో ఉంటే దాన్ని మడూరో అంటారు. ఆ రంగు ఎక్కువకాలం మాగబెట్టడం వల్ల వస్తుంది, దానితో కాస్త తీపి వాసన కూడా వస్తుంది, ఘాటుకీ దానికీ పెద్ద సంబంధం లేదు. ఘాటు దాక్కునేది లోపలి ఆకుల్లో. మొక్క పైభాగాన ఎండంతా తాగి పెరిగిన ఆకుని లిజెరో అంటారు, అది మందంగా ఉంటుంది, నెమ్మదిగా కాలుతుంది, తన్నేది అదే. కింది ఆకులు మెత్తన, అవి వాసనకీ, సమంగా కాలడానికీ. కాబట్టి లేత గోధుమరంగులో పాపం అమాయకంగా కనిపించే సిగార్ లోపల లిజెరో పొంచి ఉండొచ్చు, నల్లటి దుర్మార్గుడిలా కనిపించేది సాధుజంతువై ఉండొచ్చు. మొహం చూసి మనిషిని అంచనా వేయడంలో మనకున్న ప్రతిభ తెలిసిందే కదా, ఆకుల దగ్గర మాత్రం మెరుగ్గా ఎందుకుంటుంది?

తప్పుగా అంచనా వేస్తే ఏమవుతుందో దగ్గర్నుంచి చూడాలి. మొదటి పది నిమిషాలు మహారాజయోగం. కాలు మీద కాలు, ఫొటోలు, ఒక కన్ను కొద్దిగా మూసి చూడటం. ఇరవయ్యో నిమిషానికి మాటలు తగ్గుతాయి. నుదుటి మీద చల్లటి చెమట, నోట్లో నీళ్ళు ఊరడం, చెప్తున్న జోకు మధ్యలో ఆపి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకోవడం, తర్వాత "ఇక్కడ గాలి ఆడటం లేదేంటి" అని బయటే కూర్చుని అనడం. ఇది నికోటిన్ పని. "నేను పొగ లోపలికి పీల్చనుగా" అంటారు చాలామంది, అదేదో రక్షరేకు అయినట్టు. సిగార్ పొగకి క్షారగుణం ఎక్కువ, అందుకని ఊపిరితిత్తుల దాకా పోనక్కర్లేకుండా నోటి పొరల్లోంచే నికోటిన్ రక్తంలోకి దిగుతుంది. ఒక పెద్ద సిగార్‌లో ఒక సిగరెట్ ప్యాకెట్‌కి సరిపడా పొగాకు ఉండొచ్చు. ఏడాదికి రెండుసార్లు కాల్చే శరీరానికి ఒకే సిట్టింగ్‌లో ఇంత సన్మానం! కాస్త పంచదార నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, పడుకోవాలి. పుట్టినరోజు కేక్ ఎలాగూ ఉంటుంది కాబట్టి పంచదారకి ఇబ్బంది లేదు.

క్యూబా అనగానే ధర కూడా అడగడం మానేసేవాళ్ళున్నారు. వాళ్ళకి అమెరికా అధ్యక్షుడు కెనెడీ గారి సంగతి చెప్పాలి. 1962 ఫిబ్రవరిలో ఆయన తన ప్రెస్ సెక్రటరీ పియర్ సాలింజర్‌ని పిలిచి, రేపు పొద్దున్నకల్లా పెటీట్ అప్‌మన్ సిగార్లు ఒక వెయ్యి కావాలన్నాడట. మర్నాడు సాలింజర్ 1,200 దొరికాయని చెప్పగానే డ్రాయర్‌లోంచి కాగితం తీసి సంతకం పెట్టాడట, క్యూబా సరుకు అమెరికాలోకి రాకూడదని. ఇది సాలింజర్ తర్వాత తానే రాసుకున్న కథ. సిగార్ మీద ముందస్తు సమాచారం ఉన్నవాడు స్నేహితులకి కొనిపెట్టడు, తనకోసం దాచుకుంటాడు అని దీనివల్ల తెలుస్తోంది. అవతలివైపు క్యూబా అధినేత కాస్త్రో గారు మరీ తెలివైనవారు. కోహిబా 1966లో ఆయన కోసమూ, దేశాధినేతలకి కానుకలివ్వడానికీ పుట్టిన బ్రాండ్, బయటి మార్కెట్‌కి వచ్చింది 1982లో. 1985లో ఆయన పొగ మానేశాడు. పెట్టెలు పంచడం మాత్రం మానలేదు.

కోహిబా పేరుకి ఎంత గిరాకీ ఉందో నకిలీకీ అంతే ఉంది. పెట్టెకి గాజు మూత ఉండి, లోపల సిగార్లు షోకేసులో బొమ్మల్లా కనిపిస్తుంటే అది నకిలీదని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. కానీ కానుకలు కొనేవాళ్ళకి నచ్చేదీ ఆ పెట్టే! డొమినికన్ రిపబ్లిక్, నికరాగువా, హోండురాస్‌లలో మంచి సిగార్లు తయారవుతాయని, మెత్తటివి కావాలంటే డొమినికన్‌వే వెతుక్కోవాలని చెబితే మొహం ముడుచుకుంటారు. విప్లవం తర్వాత క్యూబా వదిలొచ్చిన పొగాకు కుటుంబాలు చాలావరకు అక్కడే సాగు మొదలుపెట్టాయని చెప్పినా సరే.

అసలు ముప్పు పెట్టెలో ఉంది. మామూలు పెట్టెలో 25 ఉంటాయి. ఏడాదికి రెండు కాల్చేవాడికి పన్నెండున్నరేళ్ళ సరుకు. వాటిని 65 నుంచి 70 శాతం తేమలో పెట్టాలి, దానికి హ్యూమిడార్ అనే చెక్కపెట్టె, లోపల స్పానిష్ సీడార్ చెక్క (దానికి స్పెయిన్‌తో సంబంధం లేదు, చుట్టరికం మహాగనీతో), తేమ కొలిచే మీటర్, తేమ పంచే ప్యాకెట్లు. ఫ్రిజ్‌లో పెడితే ఎండిపోతాయి, పక్కనున్న గిన్నెల వాసనంతా పట్టుకుంటాయి. వేడిగా ఉన్న చోట పెడితే ఆకులో ఎప్పటినుంచో నిద్రపోతున్న పొగాకు పురుగు గుడ్లు పొదిగి, పురుగులు తొలుచుకుంటూ బయటికొస్తాయి, పై ఆకు మీద గుండుసూదితో గుచ్చినట్టు బెజ్జాలు కనిపిస్తాయి. ఆ రకంగా మీ కానుకని ఎవరో ఒకరు తృప్తిగా అనుభవించినట్టే. కొందరైతే పెట్టె ఇచ్చి, సిగార్ చివర కోసే కట్టర్ ఇవ్వరు, ఏనుగునిచ్చి అంకుశం దగ్గర లెక్కలు చూసుకునే రకం. పాపం ఆ మూడో జాతివాడు కూరగాయల కత్తితో టోపీ భాగాన్ని, అంటే నోట్లో పెట్టుకునే మూసిన చివరని కోస్తాడు. రెండు మిల్లీమీటర్లు తీయాల్సిన చోట అంగుళం తీస్తాడు, పై ఆకు పాత వాల్‌పేపర్‌లా ఊడొస్తుంది, దాన్ని నాలుకతో తడిపి అతికించుకుంటూ, పెట్రోల్ లైటర్‌తో వెలిగించి, ఆ పెట్రోల్ వాసనని 'క్యూబా రుచి' అనుకుని మెచ్చుకుంటాడు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. పెట్టె ఎందుకు ఇవ్వకూడదో చెప్పడానికి యులిసెస్ గ్రాంట్ గారి కేసు ఒకటి చాలు. అమెరికా అంతర్యుద్ధం, 1862 ఫిబ్రవరి, ఫోర్ట్ డొనెల్సన్ ముట్టడి. అప్పటికి ఉత్తరాది సైన్యపు జనరల్ గ్రాంట్ పెద్దగా పొగ తాగే మనిషి కాదు, మన మూడో జాతివాడే. గాయపడ్డ నౌకాదళ అధికారి ఫుట్‌తో మాట్లాడటానికి ఆయన నౌకకి వెళ్తే, ఫుట్ మర్యాదకి ఒక సిగార్ ఇచ్చాడు. తిరిగొస్తుండగా శత్రువు విరుచుకుపడ్డాడని కబురొచ్చింది. ఆ హడావిడిలో సిగార్ ఎప్పుడో ఆరిపోయినా చేతిలోంచి పారేయకుండానే ఆజ్ఞలు ఇస్తూ తిరిగాడు. కోట లొంగిపోయింది. పేపర్లవాళ్ళు జనరల్ గారు సిగార్ తాగుతూ యుద్ధం గెలిచారని రాసేశారు. ఇంకేముంది, అభిమానులు పెట్టెలకి పెట్టెలు పంపారు, తర్వాత గ్రాంట్ చెప్పుకున్న లెక్క ప్రకారం పదివేల దాకా. పంచగలిగినన్ని పంచాడు. అన్ని చేతికింద ఉండేసరికి మామూలుకంటే ఎక్కువే కాల్చాడు, ఆ అలవాటు మరి వదల్లేదు. 1885 జులైలో గొంతు కేన్సర్‌తో పోయాడు. పంపినవాళ్ళలో ఒక్కడు కూడా "అయ్యా, తమరు అసలు కాలుస్తారా?" అని ఒక ఉత్తరం ముక్క ముందు రాసి చూడలేదు. ఆ పదివేలలో ఏ సిగార్ ఎవరిదో తేలదు కాబట్టి దాతలెవరి మీదా కేసు నిలవదనుకోండి.

కాబట్టి నా సిఫారసు ఇది. మొదట అడగండి. "సర్‌ప్రైజ్ పోతుంది" అంటారేమో, పొగాకు విషయంలో సర్‌ప్రైజ్‌లు తర్వాత డాక్టర్లు ఇస్తారు, మీరు తొందరపడక్కర్లేదు. వద్దంటే సంతోషించి పుస్తకమో చెప్పులో కొనండి. కావాలంటే పెటీట్ కరోనా లాంటి చిన్నవి, 5 అంగుళాలు, 42 గేజ్, మెత్తటివి, రెండే రెండు కొనండి. ఒకటి కోయడంలో పాడుచేసుకోవడానికి, ఇంకోటి సగం కాల్చడానికి. గట్టిగా మూసుకునే సంచిలో తేమ ప్యాకెట్‌తో పాటు పెట్టించండి, చవకదైనా ఒక కట్టర్, ఒక అగ్గిపెట్టె జతచేయండి. ప్యాకెట్ మీద కుళ్ళిన దవడ బొమ్మో, హెచ్చరికో ఉంటే గిఫ్ట్ పేపర్‌తో కప్పకండి. చాలామంది బంగారు రిబ్బను సరిగ్గా ఆ బొమ్మ మీదుగా కడతారు, కళాదృష్టి అంటే అదే కాబోలు.

ఇచ్చాక మీకు ఒక ఆపద మిగిలే ఉంటుంది. అతను సంచి విప్పి, మొహమంతా వెలిగిపోతూ, రెండోది మీ చేతిలో పెట్టి "కూర్చో, కలిసి కాలుద్దాం" అంటాడు. మీకు అలవాటు లేదంటే వినడు, కానుక తెచ్చినవాడికి ఆ మాత్రం శిక్ష న్యాయమే. తీసుకోండి. వెలిగించకుండా వేళ్ళ మధ్య పట్టుకుని కూర్చోండి, ఫోర్ట్ డొనెల్సన్‌లో ఆరిపోయిన సిగార్‌తో యుద్ధమే గెలిచారు, మీకు ఫొటోలో పడటమే కదా కావాల్సింది.