డిక్కీలోంచి కౌంటర్ మీదికి: రిసెప్షన్‌లో విస్కీ రుచి

హన్మకొండలో రిసెప్షన్ జరుగుతున్న ఏ ఫంక్షన్ హాలుకైనా రాత్రి ఎనిమిదింటికి వెళ్లి చూడండి. స్టేజీ దగ్గర ఫొటోల కోసం ఎంత క్యూ ఉంటుందో, పార్కింగులో అంత గుంపు ఉంటుంది. లేచి ఉన్న కారు డిక్కీలో ఫుల్ బాటిల్, నీళ్ల సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు, పేపరు మీద పల్లీలు. పిల్ల తండ్రికి తెలుసు, పిల్లగాడి మేనమామకు తెలుసు, వాచ్‌మన్‌కు అందరికన్నా ముందే తెలుసు. మందు లేని పెళ్లి అని గొప్పగా చెప్పుకునే చాలా ఇళ్లలో బారు ఇట్లా గోడ అవతల నడుస్తుంటుంది.

ఇప్పుడు అది హాల్లోకి వస్తోంది, విస్కీ టేస్టింగ్ బార్ అనే పేరుతో. నాలుగు రకాల సీసాలు, మూతి సన్నగా ఉండే చిన్న గ్లాసులు, ఏది ఏమిటో చెప్పే మనిషి ఒకరు. అమెరికా నుంచో హైటెక్ సిటీ నుంచో వచ్చే పెళ్లికొడుకు దోస్తుల ముచ్చట ఇది. పెట్టుకోవడంలో తప్పేమీ లేదనే నా అభిప్రాయం. కాకపోతే రుచి చూడటమనేది పూర్తిగా కొలత మీద ఆధారపడిన వ్యవహారం. కొలత తప్పిందా, అది పెళ్లివారి ఖర్చుతో నడిచే ఫ్రీ బారే.

లెక్క చూడండి. రుచికి పోసేది 20 మిల్లీలీటర్లు. 750 మిల్లీలీటర్ల సీసా 37 మందికి వస్తుంది. 70 మందికి నాలుగు రకాలు పెట్టాలంటే రకానికి రెండు చొప్పున ఎనిమిది సీసాలు చాలు. ఒక్కొక్కరు తాగేది మొత్తం 80 మిల్లీలీటర్లు, అంటే లార్జ్ పెగ్గుకు (60 మిల్లీలీటర్లు) కాస్త ఎక్కువ. 800 మందిని పిలిచిన విందులో ఈ కౌంటర్ అందరికీ అంటే అసలు కుదరదు. 70 మందికి చీటీలిచ్చి, పక్క గదిలో, రెండు గంటలు నడిపితేనే దానికి అర్థం.

కిందటేడు ఒక పెళ్లిలో దీనికి పూర్తిగా ఉల్టా జరగడం చూశాను. ఎనిమిదిన్నర దాకా అంతా పద్ధతిగానే జరిగింది. తర్వాత పెగ్ కొలిచే స్టీలు కప్పు కనబడలేదు. పోసే కుర్రాడు చుట్టాల కేకలకు తట్టుకోలేక చేతికొచ్చినట్టు పోశాడు. పదేళ్లకు పైగా పీపాలో నానిన స్కాచ్‌లో ఎవరో కూల్‌డ్రింక్ కలిపారు. తొమ్మిదికల్లా సీసాలు ఖాళీ, కౌంటర్ దగ్గర తోపులాట.

మనవాళ్లకు రుచి చూడటం రాదని మాత్రం అనుకోవద్దు. తాటివనంలో కల్లు మండువ దగ్గర కూర్చున్న పెద్దమనిషిని అడగండి. ఈ చెట్టుది తీపి, ఆ చెట్టుది ఒగరు, పొద్దటి కల్లు వేరు, మాపటి కల్లు వేరు అని లొట్టి ముందర పెట్టుకుని వివరంగా చెప్తాడు. విస్కీ చెప్పేవాడు కూడా ఆ పద్ధతిలోనే చెప్పాలి. బర్బన్ అంటే కనీసం 51 శాతం మక్కలతో చేసే అమెరికా విస్కీ అంటే పంటలు అమ్మే ఎనుమాముల మార్కెట్ ఎరిగినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. స్కాచ్ అంటే స్కాట్లాండ్ విస్కీ, ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్లు ఉండాలి. అక్కడి చలికి పీపాలోంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైతే, బెంగళూరు వేడికి 10 శాతం దాకా పోతుంది, ఆ వేడికే మన మాల్ట్ విస్కీ (మొలకెత్తించిన బార్లీతో చేసేది) తొందరగా ముదురుతుంది. బెంగళూరు అమృత్ సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో తయారైన మాల్ట్ విస్కీ) 2004లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలోనే మొదట అమ్మకానికి వెళ్లింది. ఇలాంటి కథ గ్లాసుతో పాటు అందితే మనిషి ఒక్క గుక్కలో లేపేయడు, ఆగి వాసన చూస్తాడు.

ఎండ సంగతి మరిచిపోవద్దు. మన లగ్గాలు ఎక్కువగా ఎండాకాలంలోనే. వరంగల్‌లో మే నెల రాత్రి ఓపెన్ లాన్‌లో కౌంటర్ పెడితే ముక్కుకు తగిలేది స్పిరిట్ ఘాటు ఒక్కటే. ఏసీ గది కావాలి. ఐస్ నిండా వేస్తే వాసన చచ్చిపోతుంది, నాలుగు చుక్కల నీళ్లు చాలు. తలకాయ కూర, బోటి తిన్నాక నాలుకకు ఏ విస్కీ అయినా ఒకటే. కాబట్టి అన్నానికి ముందే కానివ్వాలి, నంజుకోవడానికి సకినాలు, ఉప్పు లేని పల్లీలు.

ఇక చట్టం. ఫంక్షన్‌లో మందు పోయాలంటే ఎక్సైజ్ శాఖ ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. అది ఆ తేదీకి, ఆ చోటికే చెల్లుతుంది. 21 ఏళ్లు నిండనివాళ్లకు పోయకూడదు. చవగ్గా వస్తుందని ఢిల్లీ, గోవాల నుంచి రైల్లో కాజీపేటకు దింపుకునే సీసాలు నాన్ డ్యూటీ పెయిడ్, అంటే ఇక్కడి సుంకం కట్టని సరుకు కింద కేసవుతాయి. పెళ్లింట్లో ఎక్సైజ్ వాళ్లు దిగితే పోయే పరువు, మిగిలిన డబ్బుకు ఎన్ని రెట్లో లెక్కేసుకోండి.

డబ్బు దగ్గర నాకు గట్టి పట్టింపు ఒకటుంది. ఈ సరదా ఎవరిదో ఖర్చు వాళ్లదే కావాలి. మర్యాదల లిస్టులో ‘మంచి మందు’ అని ఒక ముక్క చేరి, అది పిల్ల తండ్రి నెత్తిన పడటం మనకు తెలియంది కాదు. రేపు అక్కడ ‘సింగిల్ మాల్ట్ కౌంటర్’ అని రాస్తే ఆయన ఇంకో అప్పు పత్రం మీద సంతకం పెట్టాలి.

పద్ధతిగా జరిగిన కౌంటర్ కూడా ఒకటి చూశాను, మొన్న మడికొండ దిక్కు. పాలకుర్తి నుంచి వచ్చిన ఓ పెద్దాయన గ్లాసు పైకెత్తి, దీపం వెలుగుకు పెట్టి చూశాడు.

“ఇదేంది బిడ్డా, పోరగాండ్లకు దగ్గు మందు పోసినట్టు పోసినవు?”

“వాసన చూడు తాతా, ముందుగాల.”

అది స్కాట్లాండ్‌లోని ఐలా దీవి విస్కీ. పీట్ అనే మట్టి గడ్డల పొగతో బార్లీని ఆరబెడతారు. తాత ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. “మక్క కంకి మాడినట్టున్నది,” అన్నాడు. నాలుగు రకాలూ ఓపిగ్గా చూశాడు, మూడోది బాగుందన్నాడు, కుర్రాడి భుజం తట్టాడు. తర్వాత తువ్వాల సర్దుకుని నేరుగా పార్కింగుకు, డిక్కీ తెరిచి ఉన్న తెల్ల కారు దగ్గరికి నడిచాడు.

కౌంటర్ పెట్టిన పిల్లగాడి బాబాయి ఇది ముందే ఊహించినట్టున్నాడు. పదిన్నరకు గేటు ముందు పాలకుర్తి బస్సు సిద్ధంగా ఉంది. రక్తంలో 100 మిల్లీలీటర్లకు ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటి బండి నడిపితే మొదటిసారే 10 వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చెప్పి, బండ్ల తాళంచెవులు తీసుకుని, తాతతో పాటు ఇంకో పాతిక మందిని అందులో ఎక్కించాడు.