దుమ్ముగారికి, ఆస్తమా మనిషి రాయునది

శ్రీ దుమ్ముగారికి,

కాగితాల మీద ఈ ఇల్లు మాది. కాపురం మాత్రం ముందుగా పెట్టింది మీరే. మేము ఇంకా అట్టపెట్టెల మధ్య దారి వెతుక్కుంటుంటే, మీరు అలమరల్లో, పరుపు మడతల్లో, మా అమ్మాయి లెక్కల పుస్తకంలో హాయిగా సర్దుకున్నారు.

మిమ్మల్ని పిలిచింది నేనేనని ఒప్పుకుంటాను. పడకగది గోడ చెమ్మ పట్టి, మూలల్లో నల్లగా బూజు తేలింది. ఆస్తమా ఉన్న నేను ఆ గోడ పక్కన పడుకుంటే రాత్రంతా ఛాతీలో పిల్లికూతలే. అందుకని నా ఊపిరి కోసమే కారుతున్న పైపు మార్పించి, పెచ్చులు రాలగొట్టించి, కొత్తగా ప్లాస్టరింగు చేయించాలనుకున్నాం. ఊపిరి బాగుచేసే పని మొదలైన గంటకే నాకు ఊపిరాడలేదు. మూడు రోజుల పని అన్నారు మేస్త్రి. ఏ మూడు రోజులో నేను అడగలేదు.

మీలో కంటికి కనిపించేవారితో నాకు పేచీ లేదు. గుడ్డ తడిపి తుడిస్తే పోతారు. నా ఫిర్యాదంతా కనిపించని మీ తమ్ముళ్ల మీద. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. వీళ్లు రెండున్నర మైక్రాన్లు కూడా ఉండరు. గాలిలో గంటల తరబడి తేలుతారు, ముక్కును లెక్కచేయకుండా ఊపిరితిత్తుల అడుగుదాకా దిగుతారు. ఇసుకలో, సిమెంటులో, టైల్స్‌లో ఉండే సిలికా మీ వంశంలోనిదే. స్ఫటిక రూపంలోని ఆ ధూళిని 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఇంత పేరున్న వంశమని తెలిసి ఉంటే, టైల్స్ కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కోయమని మొదటి రోజే చెప్పేదాన్ని. మూడో రోజు చెప్పాను. అప్పటికి ముఖం మాత్రమే కాదు, మేస్త్రి కనుబొమ్మలు కూడా తెల్లబడ్డాయి. మాస్కు ఇచ్చాను. దాన్ని గడ్డం కింద పెట్టుకుని, ‘మాకు అలవాటే అమ్మా’ అన్నారు. నవ్వు రాలేదు.

మీకోసం మా ఆయన గుమ్మానికి ప్లాస్టిక్ షీటు కట్టి, అంచులకు టేపు అంటించారు. కోటగోడ కట్టినంత గర్వం ఆయనకు. ఆ గోడను మా అమ్మాయి రోజుకు ముప్పైసార్లు దాటుతుంది: పెన్సిలు మరిచిపోయి, పెన్సిలు దొరికి, దొరికిందని చెప్పడానికి. మా అత్తగారు నా మీద ప్రేమకొద్దీ పొడి చీపురుతో ఊడ్చి, నేలమీద పడుకున్న మిమ్మల్ని లేపి నా ముక్కుకు అప్పగిస్తారు. తడిగుడ్డతో తుడవాలని చెప్పాను. అలాగేనన్నారు. ముందు ఊడ్చి, తరువాత తుడుస్తున్నారు.

సిమెంటు పూర్తి బలం అందుకోవడానికి 28 రోజులు లెక్క వేస్తారు, తడి ఆరనివ్వకూడదంటారు మేస్త్రి. రోజూ పీల్చే మందు పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానకూడదంటారు డాక్టరు. గోడకు పొద్దునా సాయంత్రం నీళ్లు కొడుతున్నాం. నాకూ పొద్దునా సాయంత్రం ఇన్‌హేలర్, ఆపైన నోరు పుక్కిలించడం. గోడ బుద్ధిగా గట్టిపడుతోంది. నా విషయంలో కొంత సందేహం ఉంది.

ఊపిరి ఎంత వేగంగా ఊదగలనో చూడటానికి ఇంట్లో పీక్ ఫ్లో మీటరు ఉంది. కాగితం కనబడక, ఆ అంకెలను మా అమ్మాయి రంగు వేయని గోడ మీద పెన్సిలుతో రాస్తోంది: 290, 310, 300. పక్కనే మేస్త్రి కొలతలు. పోయిన వారం వడ్రంగి నా మందుల అర బిగించి వెళ్లాడు. చూస్తే జానెడు కంటే కాస్త పెద్దది, మందును తుంపరగా మార్చి పీల్పించే నెబ్యులైజర్ యంత్రం పట్టదు. ఇదేమిటయ్యా అంటే, ‘గోడ మీద 310 అని రాసి ఉంది కదమ్మా, మిల్లీమీటర్లే అనుకున్నాను’ అన్నాడు.

ఆ అరలో ఇప్పుడు ఇన్‌హేలర్లు, వాటి మీద మీరు ఉన్నారు.

నిన్న 370 ఊదాను. అమ్మాయి పెన్సిలు తీసింది. వంటగది అలమరలకు ఇంకా కొలతలు తీసుకోలేదు కాబట్టి, వడ్రంగి వెళ్లేదాకా ఆగి రాయమన్నాను.

ఇట్లు,
మీతో కలిసి ఉంటున్న,
ఇంటావిడ