ఈతకొలను తనిఖీ: ఏడాదికోసారి వచ్చే అధికారి, గంటగంటకూ మారే నీళ్లు

అమెరికాలో అరిజోనా, కాలిఫోర్నియా, ఫ్లోరిడా, న్యూయార్క్, టెక్సస్ రాష్ట్రాల్లోని కొన్ని ఆరోగ్య విభాగాలు 2013లో ఈతకొలనుల్లో జరిపిన 84 వేలకు పైగా తనిఖీల వివరాలను అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2016లో క్రోడీకరించి ప్రచురించింది. సుమారు 80 శాతం తనిఖీల్లో ఒక్క లోపమైనా బయటపడింది. ఎనిమిదింట ఒక తనిఖీలో కొలనును అక్కడికక్కడే మూయించాల్సి వచ్చింది. పసిపిల్లలు దిగే లోతు తక్కువ కొలనుల్లోనైతే ఐదింట ఒకటి మూతపడింది. డైపర్లు వీడని పిల్లలు మునిగి లేచేదీ, ఆ నీళ్లే మింగేదీ అక్కడే.

ఎక్కువగా దొరికిన లోపాలు చూస్తే, వాటిని పట్టుకోవడానికి అధికారే రానక్కరలేదనిపిస్తుంది: పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) అదుపు తప్పడం, ప్రాణరక్షణ సామగ్రి సరిగా లేకపోవడం, క్రిమిసంహారకం మోతాదు తప్పడం. నీటిలో కనీసం 1 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఒకటి) క్లోరిన్ ఉండాలనీ, పీహెచ్ 7.2, 7.8 మధ్య నిలవాలనీ అప్పట్లో సీడీసీ చేసిన సిఫారసు వెనుక సరళమైన రసాయనశాస్త్రం ఉంది. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగమే చురుకైన రూపంలో ఉంటుంది; 8కి చేరితే పావు వంతే మిగులుతుంది. అంటే మందు పోసినా పని చేయదు. పైగా ఎండకూ, జనం ఒంటి చెమటకూ, మూత్రానికీ క్లోరిన్ గంటల్లోనే ఖర్చయిపోతుంది. కొలను దగ్గర గుప్పుమనే ఘాటును శుభ్రతకు గుర్తుగా భావించే వారు మనలో చాలామందే; నిజానికి అది చెమట, మూత్రాలతో కలిసి పుట్టిన క్లోరమైన్ల వాసన.

సరిగా క్లోరిన్ కలిపిన నీటిలో ఈ.కోలై బ్యాక్టీరియా నిమిషంలోపే చస్తుంది, విరేచనాలు కలిగించే పరాన్నజీవి క్రిప్టోస్పోరిడియం మాత్రం వారం దాటినా బతుకుతుంది. కాబట్టి తనిఖీ రోజున నీళ్లు బాగున్నాయన్న నివేదిక మరుసటి ఆదివారానికి పూచీ ఇవ్వదు. భౌతిక భద్రత సంగతి వేరు. 2002లో ఏడేళ్ల వర్జీనియా గ్రేమ్ బేకర్ నీటి తొట్టె అడుగున పీల్పు గొట్టానికి అతుక్కుపోయి మరణించింది. ఆమె పేరిట 2007లో వచ్చిన చట్టం అమెరికాలోని ప్రజా ఈతకొలనులన్నిటిలో ఆ గొట్టాలకు సురక్షితమైన మూతలను తప్పనిసరి చేసింది. ఆ మూత ఉందో లేదో ఒకసారి చూస్తే తెలుస్తుంది. నీటి గుణం అలా తెలియదు.

మన దేశంలో ఈతకొలను నీటికి ఐఎస్ 3328 అనే ప్రమాణం 1993 నాటిది ఉంది, కానీ ప్రమాణం దానంతటదే చట్టం కాదు. అందుకే నా దృష్టిలో అధికారి ముందుగా అడగాల్సింది నీటి కొలతల రోజువారీ నమోదు పుస్తకం. హైదరాబాద్‌లో మేముండే గేటెడ్ కమ్యూనిటీలో దాన్ని అడిగి చూశాను. ఒకే సిరా, ఒకే చేతిరాత, వారమంతా పీహెచ్ 7.4. జనం కిక్కిరిసిన ఆదివారం సాయంత్రమూ 7.4. పక్కనే అరలో పరీక్ష పట్టీల డబ్బా సీలు విప్పకుండా ఉంది.